దమ్మాయిగూడ నుండి విహారనౌకకు

హైదరాబాదు నగరమునకు తూర్పుదిక్కున ఉప్పలు, నాచారము దాటి, ఉత్తరముగా మరలి కుషాయిగూడ మీదుగా పోయినచో దమ్మాయిగూడ వచ్చును. ఒకవైపు నాగారము, ఒకవైపు జవహర్‌నగర్. కీసరగుట్ట దేవాలయము దూరము కాదు. నిన్నమొన్నటి వరకు ఇది పల్లెటూరు. 2019లో పురపాలక సంఘమయినది. 2025 డిసెంబరులో హైదరాబాదు మహానగర పాలకసంస్థలో కలిసినది. పొలములుండిన చోట మేడలు లేచినవి. అయినను ఇండ్ల స్థలములుగా మారక మిగిలిన నేలలందును, చెరువుకట్టల వెంబడిని తాటిచెట్లు, ఈతచెట్లు ఈ ప్రాంతమున ఇంకను కానవచ్చును. మా యిల్లు ఈ యూరనే. సముద్రయాత్రను గూర్చి వ్రాయబోవుచు తాటిచెట్టుతో ఆరంభించుటకు కారణము కలదు. సోదరీమణులు కొంచెము ఓర్పు వహింతురు గాక.

గౌడులు తెల్లవారకమునుపే మోకు వేసికొని చెట్టెక్కి లొట్టి దింపుదురు. లొట్టి లోపల సున్నము పూసి, దింపిన వెంటనే చల్లగా నుంచిన రసము తియ్యగా నుండును. దానినే నీరా యందురు. 2023 మే నెలలో హుస్సేనుసాగరు గట్టున నీరా కేఫు తెరచిరి. సున్నము లేని లొట్టి సంగతి వేరు. కంటికి కానరాని సూక్ష్మజీవులు రసములోని చక్కెరను తిని, మత్తు కలిగించు సారముగను వాయువుగను మార్చివేయును. ఉదయమున తీపి, మధ్యాహ్నమునకు ఘాటు, మరునాటికి పులుపు. సీసాలో పోసి బిరడా బిగించితిమా, లోపలి వాయువు బిరడానైన ఎగురగొట్టును, సీసానైన పగులగొట్టును. కావున కల్లు ప్రయాణము చేయదు. చెట్టుక్రిందనో, ఊరి దుకాణముననో త్రాగవలసినదే. త్రాగువాని యింటి ఇల్లాలికి ఇందువలన ఒక చిన్న యాధారము కలదు: నాటి కల్లు నాటితోనే తీరును. మత్తుమందులు కలిపి యమ్ము కల్లు ఈ లెక్కలోనిది కాదు; 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతమున అట్టి కల్తీకల్లు త్రాగి పలువురు ప్రాణములు గోలుపోయిరి.

ద్రాక్ష త్రోవ వేరు. హైదరాబాదు చుట్టుపట్ల ఒకప్పుడు ద్రాక్షతోటలు విస్తారముగా నుండెడివి. అనాబ్-ఎ-షాహి యను తెల్లద్రాక్షకు ఈ నగరమే పేరు తెచ్చినది. అది తినుటకు పెంచిన పండు. పాశ్చాత్యులు మాత్రము ద్రాక్షను పిండి, పులియుట ముగిసిన పిమ్మట సీసాలలో నింపి బిరడా వేయుదురు. అది ఏండ్ల తరబడి నిలుచును. ఓడలెక్కి ఖండాంతరములకు పోవును. నిలువయుండు సరకు గనుకనే దానిని పెట్టెలో దాచుకొనుటయు, దాచినదానిని మరియొకరు పట్టుకొనుటయు సంభవించును.

మా కుటుంబమువారము అయిదుగురము చర్లపల్లి స్టేషనులో బండి యెక్కి విశాఖపట్టణము చేరితిమి. అచ్చటినుండి పుదుచ్చేరి మీదుగా చెన్నపట్టణము పోవు విహారనౌకలో మాకు గదులు కుదిరినవి. యాత్రకైన సొమ్ము మా పెద్ద తోడికోడలిది. ఆమెను మేము అక్కగారని పిలుతుము. మూడేండ్లు చీటీ కట్టి, పాడుకొనక, చివరివరకు నిలిచి కూడబెట్టిన మొత్తమది. మా బావగారు సాయంకాలమున కొంచెము పుచ్చుకొను అలవాటు గలవారు. ఓడలో పానీయముల వెల విపరీతమని యెవరో చెప్పగా, విశాఖలోనే రెండు ద్రాక్షాసవపు సీసాలు కొని, ధోవతుల మడతలలో జుట్టి పెట్టెలో నుంచిరి. మన యింటినుండి అప్పడములు పట్టుకొని పోవుట యెట్టిదో యిదియు నట్టిదే యని వారి వాదము.

రేవులో పెట్టెలన్నియు యంత్రముగుండ పోవును. యంత్రమునకు ధోవతి మడతలు అడ్డుగావు. సిబ్బంది మర్యాదగా పెట్టె తెరిపించి, రెండు సీసాలను తీసికొని, గది సంఖ్య వ్రాసిన చీటి కట్టి, దిగునాడు తిరిగి యిత్తుమనిరి. ఇంటి వంటకములకును అనుమతి లేదట. మా అత్తగారి మామిడితొక్కు సీసాయు వాని ప్రక్కనే కూర్చున్నది. ఆమె తెల్లబోయి, "అయ్యా, అది నాది, త్రాగునది కాదు" అనిరి గాని ఫలితము లేకపోయెను.

ఈ నిబంధన యొక్క మూలము తెలిసికొనవలెనని మాకు కుతూహలము కలిగినది. అమెరికా దేశపు పెద్ద విహారనౌకలలో కొన్ని యెక్కునాడు మాత్రము, పెద్దవారొక్కొక్కరికి 750 మిల్లీలీటర్ల ద్రాక్షాసవపు సీసా నొకదానిని అనుమతించును. అదియును మూత విప్పనిది కావలెను. బ్రాంది, విస్కీల వంటివి పనికిరావు. ఆ సీసాను గదిలో గాక భోజనశాలలో విప్పినచో పలు ఓడలలో బిరడా రుసుమని వేరుగా వసూలు చేయుదురు; మన సీసాయే, మన గొంతే, రుసుము మాత్రము వారిది. ఇంకను కొన్ని ఓడలలో దొరికిన సీసాను దాచి యుంచరు, పారబోయుదురు. నోరు పుక్కిలించు మందు సీసాలలో రంగు కలిపి సారాయి దాచి తెచ్చు ప్రబుద్ధులును ఆ దేశమున కలరు.

మత్తులో మనుష్యుడు సముద్రమున పడిపోవునను భయమొకటి కారణముగా చెప్పుదురు. అది నిజమే. కాని పానశాల ఓడలోనే అర్ధరాత్రి దాటువరకు తెరచియుండగా, ఆ భయమొక్కటియే కారణమని యెట్లు నమ్మగలము? పెద్ద నౌకాసంస్థల ఆదాయములో ఇంచుమించు మూడవవంతు టిక్కెట్టు సొమ్ము గాదు. ఓడలోపల యాత్రికులు పెట్టు ఖర్చు. అందులో పానీయములది పెద్దపాలు. టిక్కెట్టు చౌకగా నుండుటకు రహస్యమిదియే. వచ్చునప్పుడు మన సీసా తెచ్చుకొనుట వారి కొట్టుముందర మన కొట్టు పెట్టుటయగును.

ఇందు ఇల్లాండ్రు ముఖ్యముగా గమనింపవలసిన దొకటి కలదు. ఓడలో నగదు చేతులు మారదు. ఎక్కగానే ఒక కార్డు నిత్తురు. గది తాళమును అదే, డబ్బుసంచియు అదే. గ్లాసు వచ్చును, కార్డు చూపుదురు, సంతకము పెట్టుదురు, అంతటితో సరి. జేబులో నోట్లు తరుగుచున్నచో మగవాని చేయి తానే వెనుకాడును, కార్డు తరుగదు. మూత బిగించిన సీసా రెండుదినములలో తీరిపోయినదని కంటితో చూడవచ్చును. కార్డుమీది సీసాకు అడుగు లేదు. లెక్క యంతయు చివరి రాత్రి బిల్లుగా గదికి వచ్చును. బావగారి సీసాలు పోయినందుకు మేము నవ్వుకొనుచుండగా అక్కగారి ముఖము వాడిపోవుటకు కారణమిదియే. దాచుకొని తెచ్చిన సీసాలను ఆమె యెరుగును. లెక్క తెలిసినవి గనుక మిన్నకుండెను.

ఆమె యేడ్వలేదు, కలహింపలేదు. ఓడ కచేరికి పోయి, కార్డుమీద ఖర్చునకు హద్దు పెట్టు వీలున్నదా యని యడిగెను. ఉన్నదనిరి. పలు ఓడలలో ఉండును, అడిగినవారికే చెప్పుదురు. అక్కగారు బావగారిని పిలిపించి, ఆయన యెదుటనే ఒక మొత్తము చెప్పి వ్రాయించెను. బావగారు కొంచెము చిన్నబుచ్చుకొని, పిదప సముద్రమువంక చూచుచు, "సరే, నీ చీటీ డబ్బు, నీ యిష్టము" అనిరి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణమును మూయించిన సంగతి మీరెరుగుదురు. ఆ యుద్యమము జిల్లాలన్నిటికిని ప్రాకి, 1993 అక్టోబరులో సారా నిషేధము వచ్చినది; 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చి 1997లో సడలినది. నడిసముద్రమున దుకాణము మూయించుట మన తరము గాదు. కార్డునకు ముడి వేయవచ్చును.

రెండవనాడు నీరెండలో పైయంతస్తున కూర్చున్నప్పుడు పూర్వపు యాత్రికుల ముచ్చట వచ్చినది. ఇదే తూర్పుతీరమున కాకినాడ, విశాఖ, భీమునిపట్టణము రేవులనుండి వేలకొలది తెలుగువారు కూలికై రంగూను పోయెడివారు. గదులు లేక, డెక్కుమీదనే పడియుండి బంగాళాఖాతము దాటిరి. వారి ఓడ వారిని మోయుటతో సరిపెట్టుకొనెను. 1888 సెప్టెంబరులో గాంధీజీ బొంబాయినుండి సీమకు ఓడ యెక్కినప్పుడు మద్యము, మాంసము, పరస్త్రీలను ముట్టనని తల్లి పుతలీబాయి యెదుట చేసిన ప్రమాణము వారి వెంట నుండెను. వెంట తెచ్చుకొన్న మిఠాయిలు, పండ్లతో గదిలోనే చాలవరకు కడుపు నింపుకొనిరి. త్రోవలో మద్యమాంసములు లేక బ్రతుకజాలవని హితవు చెప్పినవారును లేకపోలేదు. ఈ కథ విని మా అత్తగారు, "ఆయన మిఠాయిల నెవరును పట్టుకొని పోలేదు గదా" యని నిట్టూర్చి, తొక్కులేని పెరుగన్నము తినిరి.

ఓడలో చూడదగినవి లేకపోలేదు. తెల్లవారుజామున నీటినుండి సూర్యుడు లేచుట దమ్మాయిగూడలో కొన్నను దొరకదు. పిల్లలకు ఈతకొలను, పెద్దలకు పాటకచ్చేరి, శాకాహారులకు వేరు వంట. వీనిని గూర్చి ప్రకటనలలో కావలసినంత వ్రాయుదురు గనుక మేము వ్రాయము.

పుదుచ్చేరిలో మరియొక శోధన యెదురైనది. 1954 వరకు ఫ్రెంచివారి పాలనలో నుండిన ఆ పట్టణమున మద్యము వెల పొరుగు రాష్ట్రములకంటె తక్కువ. యాత్రికులు గుంపులుగా దుకాణముల యందు దూరిరి. సాయంకాలము ఓడమెట్లవద్ద మరల యంత్రము, మరల చీటీలు. ఒక బల్లనిండ సీసాలు వరుసదీరినవి. బావగారు వట్టిచేతులతో వచ్చి, ఆ వరుసను చూచి, మొదటిమారు మనసార నవ్విరి.

చివరి రాత్రి గదిగదికి బిల్లులు వచ్చినవి. ప్రక్కగది దంపతుల మాటలు హెచ్చుట గోడగుండ వినబడినది. అక్కగారు తన బిల్లును దీపముక్రింద పెట్టి, వరుసవరుసకు వ్రేలు నడిపించి చదివి, మడిచి, చీటీ పుస్తకములో నుంచుకొనెను. హద్దులో ఇంకను కొంత మిగిలియున్నది.

చెన్నపట్టణపు రేవులో చీటీలు చూపగా మూడు సీసాలను మూతలు చెక్కుచెదరక తిరిగి యిచ్చిరి. అత్తగారు తన సీసాను అచ్చటనే పెట్టెమీద పెట్టి, మూత తీసి, నూనె పైకి తేలియున్నదో లేదో చూచుకొనిరి. బావగారి సీసాల మాట ఎవరును ఎత్తలేదు.