తిరిగి వెళ్లని డబ్బా

పొరుగింటినుంచి ఏదైనా గిన్నెలో వస్తే ఆ గిన్నెను ఖాళీగా తిరిగి పంపకూడదని తెలుగు ఇళ్లలో ఒక ఆచారం ఉంది. మరేమీ లేకపోతే చిటికెడు పంచదారైనా, నాలుగు కరివేపాకు రెబ్బలైనా వేసి పంపుతారు. ఢిల్లీలో కొడుకు ఇంట ఉంటున్న ఒక పెద్దావిడ పెట్టెలో మాత్రం అరవైయేళ్లుగా తిరిగి వెళ్లని రేకు డబ్బా ఒకటి ఉంది. సూదులు, దారపుండలు, చొక్కాలనుంచి ఊడిన బొత్తాలు అందులో ఉంటాయి. ఆమెకు డెబ్బైరెండో ఏడు వచ్చిన శీతకాలంలో ఒకనాడు కోడలిని పిలిచి, ఆ డబ్బాలో ఒకప్పుడు వచ్చిన కేకును ఇంట్లో చేసి చూద్దామన్నది.

ఆమె పుట్టి పెరిగింది ఖరగ్‌పూరు రైల్వే కాలనీలో. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజులనుంచీ తెలుగువారు పనికోసం వెళ్లి స్థిరపడిన ఊరది. ఈనాటికీ అక్కడి బజారులో తెలుగు వినిపిస్తుంది. వారి క్వార్టరు వెనుక వరుసలో ఒక ఆంగ్లో ఇండియన్ ఇంజను డ్రైవరు కుటుంబం కాపురముండేది. ఆ ఇల్లాలిని పిల్లలందరూ ఆంటీ అనేవారు. ఆమె బొగ్గుల కుంపటిమీద రేకు పెట్టె పెట్టి, దాని మూతమీద కూడా నిప్పులు పోసి, చాక్లెటు కేకు కాల్చేది. రెండు నల్లని బిళ్లలు, వాటి నడుమ తెల్లని మెత్తని పొర. ఆ పొర నాలుకకు చల్లగా తగిలి, అది ఏమిటో తెలిసేలోగా కరిగిపోయేది. కోడిగుడ్డు పేరెత్తని ఇంటి పిల్ల ఆమె. పెరటి మెట్లమీద కూర్చుని తిని, కుళాయి దగ్గర నోరు పుక్కిలించి, ఏమీ ఎరగనట్టు ఇంటికి వచ్చేది.

కోడలిది లక్నో. కేకులు చేయడంలో చెయ్యి తిరిగినదే. అయినా మొదటి కేకు సబ్బు రుచి వచ్చింది. తప్పు ఆమెది కాదు, కోకోది. ఇప్పుడు దుకాణాలలో దొరికే ముదురు నల్లని కోకో చాలామటుకు క్షారంతో శుద్ధి చేసినది. పందొమ్మిదో శతాబ్దిలో హాలండువాడైన వాన్ హౌటెన్ పెట్టిన పద్ధతి అది. క్షారం తగిలిన కోకోలో పులుపు చచ్చిపోతుంది; పులుపు లేనిచోట వంటసోడా పొంగదు; పొంగక మిగిలిన సోడా సబ్బులా నోటికి తగులుతుంది. క్షారం కలపని, మట్టిరంగు కోకో తెప్పించి, పాలకు బదులు పుల్లమజ్జిగ పోసేసరికి కేకు గుల్లగా పొంగింది. (కోకో మొక్కలు ఇప్పుడు గోదావరి జిల్లాలలో కొబ్బరి చెట్ల నీడన పెరుగుతున్నాయి. పెద్దావిడ మేనల్లుడి తోటలోనూ ఉన్నాయి. కాని గింజను పులియబెట్టి, ఎండబెట్టి, వేయించి, కొవ్వు పిండితేగాని పొడి కాదు. అందుచేత పొడి దుకాణంనుంచే వచ్చింది.)

నల్లని భాగం అట్లా కుదిరింది. తెల్లని భాగమే లొంగలేదు.

కోడలు తన పుట్టింటి అలవాటు చొప్పున మలాయి చిలికి పెట్టింది. "అమ్మాజీ, ఇదేనా?" అంటే, "బాగుందమ్మా, కాని ఇది కాదు" అన్నది పెద్దావిడ. దుకాణపు క్రీము తెచ్చారు. అంగిట్లో జిడ్డు పొరకట్టింది. వెన్నకు రెండింతలు పొడిచక్కెర కలిపి చిలికారు. తీపి తప్ప మరేమీ తెలియలేదు. అసలు అటువంటి పదార్థం లోకంలో ఉన్నదా, లేక చిన్ననాటి ఆకలే దాన్ని సృష్టించిందా అని కోడలికి సందేహం కలిగింది. అరవైయేళ్లు దాటిన రుచిని గురించి ఎవరికైనా అట్లాగే తోస్తుంది.

జనవరిలో మనుమడి బడిలో కాగితపు బొమ్మలేవో అతికించవలసి వచ్చి, కోడలు చిన్న గిన్నెలో మైదా ఉడికిస్తున్నది. ముందుగదిలో పత్రిక చదువుతున్న పెద్దావిడ లేచి వంటింటి గడపలో నిలబడింది. ఆ వాసన! ఖరగ్‌పూరులో విశ్వకర్మ పూజనాడు పిల్లలు గాలిపటాలు ఎగరేసేవారు. జిగురు కోసం ఆమె ఒకసారి ఆంటీ వంటింటికి వెళ్లింది. అక్కడ కుంపటిమీద మైదాజావ ఉడికి, పైన తడిగుడ్డ కప్పుకుని చల్లారుతున్నది. కొంచెం పెట్టమని అడిగితే, "ఇది తినే జిగురే పిల్లా" అని ఆంటీ నవ్వింది. పిల్ల దాన్ని పరిహాసమనుకుని మరిచిపోయింది.

అది పరిహాసం కాదు. 200 మిల్లీలీటర్ల పాలలో 30 గ్రాముల మైదా ఉండకట్టకుండా కలిపి, చిక్కబడేదాకా ఉడికించి, పూర్తిగా చల్లారనిచ్చి, 150 గ్రాముల వెన్ననూ అంతే పంచదారనూ నురగయ్యేలా చిలికి, అందులో ఆ జావను చెంచా చెంచాగా చేర్చాలి. జావ గోరువెచ్చగా ఉన్నా వెన్న కరిగి పాడవుతుంది. ఉడికిన పిండి పాలలోని నీటిని తనలో పట్టి ఉంచుతుంది. అందువల్లనే ఆ చల్లదనం, ఆ తేలిక. పంచదారకు కటకటగా ఉన్న ఆ అరవైల నాటి కాలనీలో, కొద్ది వెన్నతో, కొద్ది చక్కెరతో పదిమంది పిల్లలకు సరిపెట్టిన పొదుపు అది. పెద్దావిడ ఇన్నాళ్లూ దాన్ని దొరల ఇంటి భోగమనుకున్నది.

కేకు నోట పెట్టుకుని ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత కోడలికి డబ్బా సంగతి చెప్పింది.

1964 క్రిస్మసునాడు ఆంటీ ఆ కేకును కొత్త రేకు డబ్బాలో పెట్టుకుని ముందు వాకిలికే వచ్చింది. ఎప్పుడూ పెరటివైపు పిల్లలకు పెట్టే మనిషి, పండుగనాడు పెద్దలకే ఇవ్వాలనుకున్నది కాబోలు. పిల్ల తల్లి నవ్వుతూ అందుకుని, అరుగుమీద పెట్టించి, కుశలమడిగి సాగనంపింది. ఆంటీ వీధి మలుపు తిరగకముందే బిందెడు నీళ్లు తెచ్చి, ఆమె నిలబడ్డ చోట కుమ్మరించింది. మరిచిపోయిన గొడుగుకోసం ఆంటీ వెనక్కు వచ్చింది. తడిసిన అరుగును చూసింది, గొడుగు తీసుకుని వెళ్లిపోయింది.

ఆ తల్లి కఠినురాలు కాదు. ఆంటీ జ్వరంతో పడి ఉన్నప్పుడు మూడు రోజులు మిరియాల కషాయం కాచి పంపిన మనిషే. కషాయం వెళ్లవచ్చు, కేకు రాకూడదు. ఆ లెక్కలో క్రౌర్యమున్నదని ఆమెకు ఏనాడూ తోచలేదు. కేకు పనిమనిషికి పోయింది. డబ్బాకోసం ఆంటీ రాలేదు, దాన్ని పంపడానికి ఇంట్లోవారెవరూ పూనుకోలేదు. పిల్ల మళ్లీ ఆ పెరటి మెట్లు ఎక్కలేదు. 1966లో ఆ కుటుంబం ఆస్ట్రేలియా వెళ్లిపోయింది. ఆనాడు స్టేషనుకు వెళ్లినవారిలో ఆమె లేదు.

మిగిలిన ముక్కలను కోడలు ఆ డబ్బాలోనే పెట్టబోయింది. పెద్దావిడ వద్దన్నది. తుప్పు పట్టిందన్నది.

మనుమడు పైబిళ్ల ఎత్తి, లోపలి తెల్లని పొరను వేలితో నాకుతూ, "ఆ ఆంటీ పేరేమిటి నానమ్మా? వెతుకుదాం" అన్నాడు. ఆమె చాలాసేపు ఆలోచించింది. క్వార్టరు నంబరు చెప్పగలిగింది. పేరు ఎప్పుడూ అడగలేదు.