ఎక్కడ రాసుంది?

మా పల్లెలో కాయితమంటే భయం. ఎప్పుడొచ్చినా అది మంచికి రాలేదు. మా తాత వేలిముద్ర ఏసిన కాయితాల్లో ఏముందో ఆయనకి చచ్చేదాకా తెలీదు. కరణం "కాయితంలో లేదురా" అంటే లేదు. "ఉంది" అంటే ఉంది. ఎక్కడ రాసుందో చూపించమని అడిగే నోరు మాకు లేదు. చూపించినా చదివే చదువు లేదు.

మా వంశంలో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. ఇప్పుడు గవర్నమెంటు బళ్ళో సోషల్ చెప్పుకుంటున్నాను. దానికి ముందు మూడేళ్ళు లా చదివాను. ఆ మూడేళ్ళలో నాకు నిజంగా అబ్బింది ఒక్కటే. "ఎక్కడ రాసుంది?" అని అడగడం, ఆ చోటు నేనే వెతికి పట్టుకోవడం.

2010లో గుంటూరులో లా కాలేజీలో చేరాను. ఎస్సీ హాస్టల్లో మకాం. చదివిందంతా తెలుగు మీడియం. మొదటి నెల్లోనే మా సారు బోర్డు మీద ఒక ముక్క రాశాడు. ఏఐఆర్ 1993 ఎస్సీ 1126. "రేపు దీన్ని చదువుకు రండి" అన్నాడు.

అది పుస్తకం పేరో, కేసు నంబరో నాకు తెలీదు. మధ్యలో ఎస్సీ అన్నది మాత్రం గుండెల్లో గుచ్చుకుంది. ఎస్సీ అంటే నాకు తెలిసింది ఒకటే. అది బడి రిజిస్టర్లో నా పేరు పక్కన ఉండేది. స్కాలర్‌షిప్పు ఫారంలో ఉండేది. హాస్టలు గేటు మీద ఉండేది. మనవాళ్ళ కేసులకి విడిగా గుర్తు పెడతారు కామోసు అనుకున్నాను. పక్కవాణ్ణి అదే అడిగాను. వాడు నవ్వి వెనక బెంచీకి చెప్పాడు. వెనక బెంచీ క్లాసు మొత్తానికి చెప్పింది. వాళ్ళ నాన్నలు వకీళ్ళు. ఎస్సీ అంటే సుప్రీంకోర్టు అని వాళ్ళు ఇంట్లో అన్నం తింటూ నేర్చుకున్నారు.

సాయంత్రం లైబ్రరీకి పోయాను. గోడ నిండా లావుపాటి పుస్తకాలు. దేన్ని ముట్టుకోవాలో తెలీక నిలబడ్డాను. అటెండరన్న చూసి, "ఏం కావాలి తమ్ముడూ?" అన్నాడు. చీటీ ఇచ్చాను.

"ఇంతేనా! ఇది ఇంటి అడ్రసు లాంటిది. ఏఐఆర్ అంటే ఆలిండియా రిపోర్టర్, పుస్తకం పేరు. 1993 సంవత్సరం. ఎస్సీ అంటే సుప్రీంకోర్టు భాగం. 1126 పేజీ. ఊరు, వీధి, డోర్ నంబరు."

ఎనిమిదితో బడి మానేసినాయన. పుస్తకాలు సర్దీ సర్దీ నేర్చుకున్నాడు. ఆయనే ఇంకో మాట చెప్పాడు. "ఇదే తీర్పు ఎస్‌సీసీలో కూడా ఉంటది. 1995 సప్లిమెంటు నాలుగు, 469వ పేజీ. పరీక్షలప్పుడు మీవాళ్ళే కాయితాలు చించకపోతారు. ఒకచోట లేకపోతే రెండోచోట చూడు." ఆ తర్వాత గొంతు తగ్గించి, "ఇందులో రామస్వామి గారు విడిగా రాశాడు. మనోడే. ఆయన రాసింది ఒదలకుండా చదువు" అన్నాడు.

అది కర్ణాటక ప్రభుత్వానికీ అప్పా బాలు ఇంగళే అనేవాడికీ మధ్య నడిచిన కేసు. శంకరనారాయణ డిక్షనరీ పక్కన పెట్టుకొని కూర్చున్నాను. రెండో పేజీకి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. అందులో ఉన్నది ఒక బోరు. కొత్తగా వేసిన బోరు దగ్గర అంటరానోళ్ళని నీళ్ళు పట్టుకోనియ్యలేదు. అదీ కేసు. అంతపెద్ద కోర్టు, అంత లావు పుస్తకం. అందులో మా పల్లె బోరింగు!

మర్నాడు క్లాసులో లేచి, "హైకోర్టు వదిలేసింది సార్" అన్నాను. అక్కడిదాకే చదివాను మరి. సారు నవ్వలేదు. "ఇది ఏ కోర్టు తీర్పు? నువ్వు చెప్పేది ఏ కోర్టు సంగతి? ఏ పేరాలో ఉంది?" అని మూడు ప్రశ్నలేశాడు. మళ్ళీ చదివాను. కింద రెండు కోర్టులూ శిక్ష వేశాయి. హైకోర్టు కొట్టేసింది. 1992 డిసెంబర్లో సుప్రీంకోర్టు శిక్షని తిరిగి నిలబెట్టింది. తీర్పు మొదట్లో చిన్నక్షరాల్లో ఉండే సారాంశం జడ్జి రాసింది కాదనీ, పుస్తకం వేసేవాళ్ళు రాసిందనీ, దాన్ని నమ్ముకొని కోర్టుకి పోకూడదనీ ఆ వారమే తెలిసింది.

ఆ తీర్పు పట్టుకొని చట్టం దగ్గరికి పోయాను. పౌరహక్కుల రక్షణ చట్టం, 1955. పాత సంపుటాల విషయసూచికలో ఆ పేరు మీద ఎంత వెతికినా ఏమీ దొరకలేదు. దాని మొదటి పేరు అస్పృశ్యతా నేరాల చట్టం. 1976 నవంబరులో పేరు మార్చారు. పాత కేసులు పాత పేరు కింద ఉన్నాయి. మా పల్లెకీ అంతే గదా, సర్కారు కాయితాల్లో ఒక పేరు, ఊరోళ్ళ నోట్లో ఒక పేరు. రెండు పేర్లా వెతకాల్సిందే.

అందులోనే 12వ సెక్షను కనపడింది. ఎస్సీల మీద ఆ చట్టం కింది నేరం జరిగితే, అది అంటరానితనం వల్లే జరిగిందని కోర్టు అనుకొని మొదలుపెట్టాలి. కాదని చూపించాల్సింది ఎదుటివాడు.

సెలవులకి ఇంటికెళ్ళి అమ్మకి చదివి చెప్పాను. నేను పుట్టకముందు ఊరి బోరింగు కాడ ఆమె బిందెని కాలితో తన్నారు. "కులం గిలం కాదు, వరస తప్పి వచ్చింది" అన్నారంట పెద్దమనుషులు. అమ్మ అంతా విని, "ఈ చట్టం ఎప్పుడు రాశార్రా?" అంది. "1955లో అమ్మా." చాలాసేపు పొయ్యి ఎగదోస్తా కూర్చుంది. "అంటే నేను పుట్టకముందే రాసుంది. ఒక్కడూ చెప్పలేదే" అంది.

లా అయిపోయింది. సీనియరు దగ్గర జీతం లేకుండా నాలుగేళ్ళు నిలబడే తాహతు మాకు లేదు. చెల్లి పెళ్ళి నెత్తిమీద ఉంది. బీఎడ్ చేసి, డీఎస్సీ రాసి పంతులునయ్యాను. లా పుస్తకాలు ట్రంకుపెట్టెలో పెట్టాను.

2017లో మా పిన్ని కొడుకుని టీకొట్టు ముందు, నలుగురి మధ్య కులం పేరు పెట్టి తిట్టారు. పల్లె అంతా నా ఇంటికొచ్చింది. "నువ్వు లా చదివినోడివి అబ్బాయా, రాయి" అన్నారు. పెట్టె తీసి, పాత పుస్తకం చూసి, సెక్షను 3(1)(10), రోమన్ అంకెల్లో, గర్వంగా రాసి సంతకం పెట్టించాను. స్టేషన్లో ఎస్సై చదివి నవ్వాడు. "మాస్టారూ, చట్టం మారి ఏడాది దాటింది. సరిగ్గా రాసుకు రండి" అని కాయితం నా మీదికి తోశాడు.

నిజమే. 2015లో సవరించారు, 2016 జనవరి 26 నుంచి అమల్లోకొచ్చింది. ఆ తిట్టు ఇప్పుడు 3(1)(ఆర్), (ఎస్) కింద ఉంది. నా పుస్తకం 2011ది. మావాళ్ళ ముందు తలెత్తలేకపోయాను. అమ్మకి బిందె సంగతి చెప్పినోణ్ణి, నేనూ పాత కాయితమే పట్టుకొని పోయాను.

ఆ రాత్రి గుంటూరులో నాతో చదివిన వకీలు మిత్రుడికి ఫోన్ చేశాను. "ఫిర్యాదులో సెక్షను ఎందుకు రాశావు? అది పోలీసోడి పని. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఏమన్నారు, ఎవరు విన్నారు, ఇంతే రాయి" అన్నాడు. అదే రాశాం. మూడోరోజు ఎఫ్ఐఆర్ అయింది. నకలు ఊరికే ఇవ్వాలని కూడా చట్టంలో ఉంది. ఎక్కడుందో చెప్పి తీసుకున్నాను.

కేసు నడుస్తుండగానే 2018 మార్చి 20న సుప్రీంకోర్టు, అరెస్టుకి ముందు పైవాళ్ళ అనుమతి కావాలంది. ఏప్రిల్ 2న దేశమంతా మనవాళ్ళు బంద్ చేశారు. ఆగస్టులో పార్లమెంటు 18ఏ చేర్చింది. 2019 అక్టోబరు 1న కోర్టే ఆ ఆదేశాలు వెనక్కి తీసుకుంది. ఆ మార్చి తీర్పొక్కటే చదివి ఆగినోడు ఇంకా అదే చట్టమనుకుంటాడు. తీర్పు దొరకడంతో పని అయిపోదు. అది ఇంకా బతికుందో లేదో చూడాలి.

ఇంతా చేసి కేసు గెలిచామా అంటే, లేదు. టీకొట్టు కాడ విన్నవాళ్ళు కోర్టులో విననన్నారు. వాళ్ళ కూలి ఊళ్ళోనే. వాళ్ళని తప్పు పట్టను. వెతికితే చట్టం దొరుకుతుంది. సాక్షి దొరకడం వేరే సంగతి. అది ఏ లైబ్రరీలో నేర్పుతారో నాకింకా తెలీదు.

2024 జులై 1 నుంచి క్రిమినల్ ప్రొసీజర్ కోడు పోయి కొత్త సంహిత వచ్చింది. పాత పుస్తకంలో 154 పక్కన 173 అని రాసిన చీటీ అంటించాను. పుస్తకం పారెయ్యలేదు. పాత కేసులకి పాత అడ్రసే కావాలి.

బళ్ళో పదిహేడో అధికరణం చెప్పేటప్పుడు పిల్లల్ని వాక్యం చదివి ఊరుకోనివ్వను. "ఎక్కడ రాసుంది? పేజీ చూపించు" అంటాను. మొన్న పల్లెనుంచి వచ్చే పిల్ల ఒకతి నన్నే ఆపింది. "సార్, మీరు చెప్పింది ఈ పేజీలో లేదు" అంది. చూశాను. లేదు. "కూర్చో అమ్మా, నువ్వే కరెక్టు" అన్నాను.

మా తాత కరణాన్ని అడగలేకపోయిన మాట అది.