సంచి తీయించేసుకో వదినా!

మా కల్లంలో మిరపకాయలు ఎండబోసిన రోజులు. నెలసరి అయి పదిరోజులు కాకుండానే మళ్ళీ ఎర్రబట్ట కనిపించింది. 43 ఏళ్ళొచ్చాయి, ఇదంతా మామూలే అనుకున్నాను. చెప్పొద్దూ, సిగ్గు! మావారితో అనేసరికి మూడో నెల పడింది.

గుంటూరులో ఒక ఆస్పత్రికి వెళ్ళాం. "గర్భసంచి ముఖద్వారం మీద నీటిబుగ్గలున్నాయి, సంచి తీసేస్తే పీడ వదులుతుంది" అని ఆపరేషనుకు రోజు కూడా పెట్టేశారు. మా ఆడపడుచు సంబరపడింది.

"పిల్లలు పెద్దవాళ్ళయ్యారు. ఇంక దానితో పనేముంది? తీయించేసుకో వదినా!"

కల్లంలో తొడిమలు తీసే ఆమెకు 30 ఏళ్ళకే సంచితో పాటు అండాశయాలూ తీసేశారట. "ఒళ్ళంతా ఆవిర్లమ్మగారూ, నడుం నిలబడదు" అంది. 2015-16 కుటుంబ ఆరోగ్య సర్వేలో 49 ఏళ్ళలోపు ఆడవాళ్ళలో సంచి తీయించుకున్నవారు దేశంలో నూటికి 3 అయితే, మన ఆంధ్రలో దాదాపు 9! నాకు గుండె జారింది.

ఇంకో డాక్టరమ్మకు చూపించుకున్నాను. ఆవిడ నవ్వింది. "1707లో నాబోత్ అనే జర్మన్ వైద్యుడు ఈ బుగ్గల్ని చూసి అండాలనుకున్నాడు. జిగురు ఊరే గ్రంథుల నోళ్ళు మూసుకుపోయి ఉబ్బినవి, అంతే. వీటివల్ల హాని లేదు. కాని ఎర్రబట్టకు కారణం ఇవి కావు. దాన్ని వెతకాలి."

పాప్ పరీక్ష, స్కానింగు అయ్యాయి. లోపల చిన్న పిలక కనిపిస్తే తీసి, ముక్క పరీక్షకు పంపారు. ఆ ఎనిమిది రోజులూ నాకు కంటిమీద కునుకు లేదు. చివరికి, కాన్సరు కాదన్నారు. సాయంత్రానికి ఇల్లు చేరాను.

కల్లంలో ఆమె ఆత్రంగా అడిగింది, "ఏమన్నారమ్మగారూ?" అని.

సంచి తీయక్కర్లేదన్నారని ఆమెతో చెప్పడానికి నాకు నోరు రాలేదు.