కితికోర్ అడవి పగలే దాటాలి

1999 మార్చిలో ఎవర్‌క్వెస్ట్ అనే గేమ్ ఆన్‌లైన్‌లోకి వచ్చినప్పుడు అందులో మ్యాప్ లేదు. ‘సెన్స్ హెడింగ్’ అని ఓ నైపుణ్యం ఉండేది. బటన్ నొక్కితే మీరు ఉత్తరంగా వెళ్తున్నారనుకుంటున్నారని ఓ వాక్యం కనిపించేది. ఒక్కోసారి ఎటు తిరిగి ఉన్నారో మీకే తెలియదని తేల్చేసేది. నొక్కగా నొక్కగా ఆ నైపుణ్యం పెరగాల్సిందే. మనిషి పాత్ర తీసుకున్నవాళ్ళకు రాత్రిళ్ళు కళ్ళు పొడుచుకున్నా ఏమీ కనపడేది కాదు, చేతిలో దీపమైనా ఉండాలి. గేమ్‌లో ఒక రోజంటే మన లెక్కన 72 నిమిషాలు, కాబట్టి చీకటి పడడానికి ఎంతోసేపు పట్టదు.

ఇన్ని ఇబ్బందులు పెట్టినందుకే ఆ లోకం అంతగా నచ్చింది.

గేమ్‌లోని ఆంటోనికా ఖండానికి ఆ చివర కీనోస్, ఈ చివర ఫ్రీపోర్ట్. ఈ రెండు నగరాల మధ్య కాలినడకన వెళ్ళడమే కొత్తవాళ్ళకు పెద్ద సాహసం. కరానా మైదానాలు దాటి, హైపాస్ కనుమ ఎక్కి దిగితే కితికోర్ అడవి. పగలు అక్కడ పెద్ద భయం లేదు. పొద్దుగూకితే మాత్రం చచ్చి లేచిన సైనికులు తిరుగుతారు. తెలియనివాడు నేరుగా నడిచి పోయేవాడు. తెలిసినవాడు కనుమలోనే ఆగి, తెల్లారేదాకా పక్కవాడితో కబుర్లాడేవాడు. ఆ కబుర్లే చాలామందికి తొలి స్నేహాలు.

చనిపోతే కత్తి, కవచం, డబ్బు అన్నీ శవం దగ్గరే ఉండిపోయేవి. ఒట్టి చేతులతో మళ్ళీ అదే చోటికి వెళ్ళి తెచ్చుకోవాలి. దీన్ని ఎంత మెచ్చుకున్నా, రాత్రి నిద్ర మానుకుని శవం కోసం వెతకడం శిక్షేనని ఒప్పుకోవాలి. అయితే అలాంటప్పుడే మనుషుల తీరు బయటపడేది. తన పని ఆపుకుని అపరిచితుణ్ణి మంత్రంతో బతికించే క్లెరిక్ పాత్రధారి ఉండేవాడు, చూసీ చూడనట్టు పోయేవాడూ ఉండేవాడు. నిజ జీవితంలో నలుగురిలో నోరు విప్పనివాడు ఇక్కడ గుంపుకి దారి చూపిస్తూ, తనలో ఇంత చొరవ ఉందా అని ఆశ్చర్యపోయేవాడు.

బ్రిటన్‌కు చెందిన రిచర్డ్ బార్టిల్ 1996లోనే ఇలాంటి లోకాల్లో ఆడేవాళ్ళను నాలుగు రకాలుగా విడదీశాడు: విజయాలు పోగేసేవాళ్ళు, లోకాన్ని శోధించేవాళ్ళు, కబుర్లకు వచ్చేవాళ్ళు, ఇతరుల మీద పడి చంపేవాళ్ళు. 1978లో ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా మొదలుపెట్టిన మడ్ అనే అక్షరాల ఆటను పెంచి పెద్దచేసినవాడు కాబట్టి ఆయనకు ఆటగాళ్ళ సంగతి బాగా తెలుసు. తాను ఏ రకమో గేమ్ కొనేముందు ఎవరికీ తెలియదు. లెవెళ్ళ కోసం వచ్చి, చివరికి ఎవర్‌క్వెస్ట్‌లోని ఈస్ట్ కామన్‌లాండ్స్ అనే చోట సొరంగంలో బేరాలాడుతూ కూర్చున్నవాళ్ళు ఎందరో. ఆ సొరంగాన్ని సంతగా మార్చింది గేమ్ కంపెనీ కాదు, ఆటగాళ్ళే. 2001 డిసెంబరులో కంపెనీ అసలైన బజారు కట్టిచ్చాక సొరంగం బోసిపోయింది.

ఇప్పటి గేముల్లో బాణం గుర్తు దారి చూపిస్తుంది. హాయిగానే ఉంటుంది గానీ, ఊళ్ళ పేర్లు గుర్తుండవు. పాత పద్ధతి కావాలనుకునే అభిమానులు 2009లో ప్రాజెక్ట్ 1999 పేరుతో సొంత సర్వర్ తెరిచారు. 2015లో ఎవర్‌క్వెస్ట్ హక్కుదారైన డేబ్రేక్ సంస్థ దానితో ఒప్పందం కూడా చేసుకుంది. ఆసక్తి ఉంటే వెళ్ళి చూడండి. కితికోర్‌ని మాత్రం పగలే దాటండి.