పోపుల డబ్బాలో పరీక్ష ఫీజు

మా అక్క కూతురు రెండేళ్లుగా విజయనగరంలో మా ఇంట్లోనే ఉండి డీఎస్సీకి చదువుకుంది. అక్కా వాళ్లది పలాస. బావ లేరు. అక్క జీడిపప్పు ఫ్యాక్టరీలో పప్పు పొట్టు తీసే పనికి వెళ్తుంది. పిల్ల బీఎస్సీ, బీఈడీ చేసిందంటే ఆ చేతుల చలవే.

2025 ఏప్రిల్ 20న మెగా డీఎస్సీ నోటిఫికేషన్ వచ్చింది. 16,347 పోస్టులు! ఆ రోజు సేమ్యా పాయసం చేశాను. "ఎన్నింటికి పెడుతున్నావే?" అంటే, "పెడతాన్లే పిన్నీ" అని మాట దాటేసింది.

మే 15 ఆఖరు తేదీ. ముందు రోజు రాత్రి గిన్నెలు సర్దుతూ మళ్లీ అడిగాను. స్కూల్ అసిస్టెంట్ లెక్కలకి ఒక్కదానికే పెట్టిందట. ఫిజికల్ సైన్సుకి, టీజీటీ లెక్కలకి కూడా అర్హత ఉంది కదా అంటే తల వంచుకుంది.

"ఒక్కో పోస్టుకీ 750 పిన్నీ. మూడింటికీ 2,250. అమ్మకి వారం రోజుల కూలి. తీరా రాకపోతే?"

నాకు నోట మాట రాలేదు. ఎందుకంటే పెళ్లైన కొత్తలో నేనూ ఒక ఉద్యోగానికి ఫారం తెచ్చుకున్నాను. డీడీ తీయాలంటే ఆయన్ని డబ్బులడగాలి. ఆయన కాదనే మనిషి కాదు. కానీ ఆ నెల అత్తయ్యగారి మందుల ఖర్చు మీద పడింది. అడగడానికి నోరు పెగల్లేదు. తేదీ వెళ్లిపోయింది. పరీక్ష తప్పితే నలుగురూ అడుగుతారు. అసలు రాయనేలేదంటే ఎందుకు రాయలేదని అడిగేవాళ్లే ఉండరు.

పరీక్ష పెట్టడానికి ఖర్చవుతుంది, నిజమే. ఊరికే పెడితే సరదాకి లక్షలమంది అప్లై చేస్తారనీ అంటారు. మరి యూపీఎస్సీ, ఎస్ఎస్సీ పరీక్షలకి ఆడపిల్లల దగ్గర ఫీజు తీసుకోరు కదా! రైల్వే వాళ్లు ఆడవాళ్ల దగ్గర 250 కట్టించుకున్నా, మొదటి పరీక్షకి హాజరైతే బ్యాంకు ఛార్జీలు పోను తిరిగిచ్చేస్తారు. సరదాకి పెట్టినవాళ్ల డబ్బు పోతుంది, నిజంగా రాసినవాళ్లది వెనక్కి వస్తుంది. ఈ పద్ధతి మన డీఎస్సీకీ పెడితే ఎంత బాగుండును! ఉద్యోగం లేదని ఉద్యోగం అడిగేవాళ్ల దగ్గరే ముందు డబ్బు అడగడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

ఆ రాత్రే పోపుల డబ్బా దించాను. పాలవాడికని, చీటీకని దాచినవన్నీ కలిపి 1,500 లెక్కపెట్టి దాని చేతిలో పెట్టాను. నోట్లకి జీలకర్ర వాసన. "ఇంగువ కూడా కలిసినట్టుంది పిన్నీ" అని నవ్వబోయి ఏడ్చేసింది. మర్నాడు పొద్దున్నే ఆయన ఫోన్ నుంచి రెండింటికీ కట్టేశాం.

ఇది రెండు ఫీజులు కట్టగలిగిన పిన్ని ఉన్న పిల్ల కథ. ఆ పిన్ని లేని పిల్లలు ఎంతమందో!

తర్వాత ఒకరోజు దాని నోట్స్ సర్దుతుంటే వెనక అట్ట మీద "పిన్నికి బాకీ 1,500" అని కనపడింది. పెన్ను తీసుకుని కొట్టేశాను.

మీ ఇంట్లోనూ ఉద్యోగాలకి చదివే ఆడపిల్ల ఉంటే, ఎన్ని పరీక్షలు రాశావని కాదు, ఎన్నింటికి డబ్బు లేక మానేశావని ఒక్కసారి అడగండి. తనంతట తాను చెప్పదు. నేనూ చెప్పలేదు.