ఎదురుగాలి లెక్క

1927 మే 20న లిండ్‌బర్గ్ ఒకే ఇంజను గల చిన్న విమానంలో న్యూయార్కు నుండి అట్లాంటిక్ మీదుగా ఒంటరిగా బయలుదేరాడు. సుమారు 450 గ్యాలన్ల పెట్రోలు నింపుకొని, బరువు తగ్గించుకొనుటకై రేడియోను, పారాచూట్‌ను విడిచిపెట్టాడు. రబ్బరు పడవను మాత్రం వెంట ఉంచుకొన్నాడు. దాదాపు 33 గంటల 30 నిమిషాలకు పారిస్ చేరాడు.

సముద్రం దాటే వైమానికులు ముందుగానే పటంపై ఒక బిందువును గుర్తిస్తారు. అక్కడి నుండి ముందుకు సాగినా, వెనుకకు మరలినా పట్టే కాలం సమానమే. ఎదురుగాలి వీచిన కొలదీ ఆ బిందువు సగం దూరాన్ని మించి గమ్యం వైపు జరుగుతుంది.

ఈ సంగతి చదివినప్పుడు మాకు మా ఎం.ఏ. రెండవ సంవత్సరం జ్ఞాపకం వచ్చింది. ఆ యేడు ఆర్మూరు మార్కెట్టులో పసుపు ధర పడిపోయింది. ఇంటి మీద అప్పు మిగిలింది. సగం చదువు దాటినా, లెక్క ప్రకారం మేము మరలిపోవలసినవారమే. గల్ఫు ప్రయాణానికి పాస్‌పోర్టు దరఖాస్తు కూడా వ్రాసుకొన్నాము. అమ్మీ ఆ కాగితం ప్రక్కన పెట్టి, తన చేతి గాజులు తీసి ఇచ్చి, “ముందు పరీక్ష రాసి రా బిడ్డా” అన్నది.

విద్యార్థులారా! సాహసానికి ముందు లెక్క వేయండి. మీ ప్రయాణం కొరకు ఎవరు ఏమి విడిచిపెట్టారో, దానిని కూడా ఆ లెక్కలో వ్రాసుకొనండి.