ముల్లు చెప్పే మంచి అబద్ధం

విజయవాడలో మాస్టారింట్లో గోడగడియారం ఎప్పుడూ పది నిమిషాలు ముందుండేది. అలా పెట్టింది మాస్టారి తల్లి. ‘రైళ్లు మన కోసం ఆగవు కదా’ అనేది ఆవిడ. ఇంట్లో అందరికీ ఆ రహస్యం తెలుసు. తెలుసు కాబట్టే ఎవరూ హడావుడి పడేవాళ్లు కాదు. ‘తొమ్మిదయిందా... అంటే ఇంకా పది నిమిషాలుందిలే’ అనుకుని తాపీగా కాఫీ తాగేవాళ్లు. ఓసారి గడియారంలో సెల్ అయిపోయింది. కొత్తది వేస్తూ ఎవరో రేడియోలో టైము విని సరిగ్గా పెట్టేశారు. ఆ సంగతి తెలియని మాస్టారబ్బాయి అలవాటు కొద్దీ పది నిమిషాలు తీసేసుకున్నాడు. స్టేషన్‌కు వెళ్లేసరికి రైలు వెళ్లిపోయింది. దాంతోపాటే ఉద్యోగం ఇంటర్వ్యూ కూడా.

అది జరిగి ఇరవై ఏళ్లు దాటింది. ఆ అబ్బాయి ఇప్పుడు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. భార్య, ఎనిమిదేళ్ల పాప, ఓ కారు. మాస్టారు లెక్కలు చెప్పి రిటైరై విజయవాడలోనే ఉంటున్నారు. కాకపోతే నెలకోసారి కొడుకు వచ్చి హైదరాబాదు తీసుకెళ్తాడు, మళ్లీ దింపుతాడు. ముందు సీట్లో కూర్చున్న ప్రతిసారీ ఆయన చేతిలో ఓ చిన్న డైరీ ఉంటుంది. బయల్దేరిన టైము, చేరిన టైము, మీటర్లో తిరిగిన కిలోమీటర్లు... అన్నీ అందులో రాసుకుంటారు. ‘ఈ రోజుల్లో ఇవన్నీ ఎవరు రాస్తారు నాన్నా’ అంటాడు కొడుకు. ఆయన నవ్వి ఊరుకుంటారు.

అబ్బాయికి కారంటే పిచ్చి. ఆదివారం పొద్దున అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో అతనిలాంటి వాళ్లు నలుగురైదుగురు చేరతారు. ఒకరు కడుగుతుంటారు, ఒకరు తుడుస్తుంటారు, మిగతావాళ్లు సలహాలిస్తుంటారు. ఆ మాటల్లో ఓసారి స్పీడోమీటర్ ప్రస్తావన వచ్చింది. ‘మీటరు వంద చూపిస్తుంటే ఫోన్లో జీపీఎస్ తొంభై ఆరే చూపిస్తోంది’ అన్నాడొకడు. ‘నాది తొంభై నాలుగు’ అన్నాడు ఇంకొకడు. ఎవరి మీటరు తక్కువ అబద్ధమాడితే వాళ్ల కారు అంత గొప్పదన్నమాట! అబ్బాయి కూడా ఆ వారమే హైవే ఎక్కి చూశాడు. ముల్లు వంద మీద ఉంటే ఫోన్లో తొంభై మూడు. మీటరు ఏడు కిలోమీటర్లు దొంగలెక్క చెబుతోందని తేలిపోయింది.

నిజానికి అది దొంగలెక్కేమీ కాదు. కావాలని అలా పెట్టిందే. యూరప్‌తో సహా చాలా దేశాలు పాటించే ఐక్యరాజ్యసమితి వాహన నియమాల్లో 39వది స్పీడోమీటర్ గురించే. బండి అసలు వేగం కన్నా మీటరు ఎప్పుడూ తక్కువ చూపించకూడదన్నది అందులో మొదటి షరతు. ఎక్కువ చూపించవచ్చు. అయితే దానికీ ఓ హద్దుంది. అసలు వేగంలో పదోవంతు, దానిమీద మరో నాలుగు కిలోమీటర్లు. అంటే కారు నిజంగా వంద మీద వెళ్తుంటే ముల్లు వందకీ నూట పధ్నాలుక్కీ మధ్య ఎక్కడున్నా తప్పు లేదు. తొంభై తొమ్మిది చూపిస్తే మాత్రం తప్పే.

అంత జాగ్రత్త ఎందుకంటారా? మీటరుకు రోడ్డు కనిపించదు. దానికి తెలిసిందల్లా చక్రం ఎన్నిసార్లు తిరిగిందన్నదే. స్ట్రాస్‌బర్గ్‌కు చెందిన ఒట్టో షుల్జ్ 1902లో పేటెంట్ తీసుకున్న స్పీడోమీటర్ పద్ధతే చాలా పాత కార్లలో ఉండేది. గేర్‌బాక్సు నుంచి వచ్చే కేబుల్ ఓ అయస్కాంతాన్ని తిప్పుతుంది. దానికి తగలకుండా, దగ్గరగా ఓ అల్యూమినియం గిన్నె ఉంటుంది. అయస్కాంతం గిర్రున తిరిగితే ఆ గిన్నెలో విద్యుత్తు సుళ్లు పుట్టి అదీ వెంట తిరగబోతుంది. సన్నటి స్ప్రింగు దాన్ని వెనక్కి లాగుతుంది. ఆ పెనుగులాట ఎక్కడ ఆగితే ముల్లు అక్కడ నిలబడుతుంది. ఇప్పటి కార్లలో కేబుల్ బదులు సెన్సర్లు వచ్చాయి. అవి లెక్కపెట్టేదీ తిరుగుళ్లనే. ఒక్క చుట్టుకు కారు ఎంత దూరం వెళ్తుందన్నది టైరు చేతిలో ఉంది. కొత్త టైరు మీద సుమారు ఎనిమిది మిల్లీమీటర్ల మందాన గాళ్లుంటాయి. అరిగి అరిగి 1.6 మిల్లీమీటర్లకు వచ్చేసరికి చక్రం చుట్టుకొలత దాదాపు రెండు శాతం తగ్గిపోతుంది. గాలి తగ్గినా తేడా వస్తుంది. ఇన్ని తేడాల్లో ఏది ఎటు లాగినా ముల్లు తక్కువ చూపించకూడదు. అందుకే తయారుచేసేవాళ్లు ముందే కాస్త ఎక్కువ వైపు జరిపి పెడతారు.

ఇవన్నీ పార్కింగ్‌లోని మిత్రులకు తెలియనివి కావు. తెలిశాకే అసలు కథ మొదలైంది. హైవే మీద వంద పరిమితి ఉన్నచోట అబ్బాయి ఇదివరకు ముల్లును వంద దాటనిచ్చేవాడు కాదు. ఇప్పుడు నూట ఏడు మీద పెట్టడం మొదలుపెట్టాడు. ‘ఏడు తీసేస్తే సరిగ్గా వందే కదా’ అన్నది అతని ధీమా. వెనక సీట్లోంచి భార్య ‘కాస్త నిదానం’ అంటే, ‘మీటరు సంగతి నీకు తెలీదులే’ అనేవాడు.

ఆ మధ్యే టైర్లు అరిగిపోతే కొత్తవి వేయించాడు. అంతకుముందున్నవి 185/65 ఆర్15. కారు నిండుగా కనిపిస్తుందని ఈసారి 205/65 ఆర్15 వేయించాడు. పార్కింగ్‌లో అందరూ మెచ్చుకున్నారు. నెల తిరక్కుండా ఫోనుకు ఈ-చలానా వచ్చింది. వంద పరిమితి ఉన్నచోట వేగం నూట నాలుగు. 1,035 రూపాయలు. దానికింద కారు ఫొటో.

‘స్పీడ్ గన్ తప్పు. నేను వంద దాటనే లేదు’ అని ఆ రోజంతా గింజుకున్నాడు అబ్బాయి. డబ్బు గురించి కాదు, తన లెక్క తప్పడమేమిటని. మాస్టారు ఏమీ అనలేదు. డైరీ తెచ్చి, కళ్లజోడు సవరించుకుని నాలుగు పేజీలు తిరగేశారు.

‘ఏరా, మనింటి నుంచి మీ ఇంటికి ఎప్పుడూ 272 కిలోమీటర్లు. పోయినసారి 261 అని రాసుకున్నాను. హైదరాబాదు పదకొండు కిలోమీటర్లు దగ్గరకు జరిగిందంటావా?’

అబ్బాయి దగ్గర సమాధానం లేదు.

తర్వాతి ప్రయాణంలో మాస్టారు ఓ పరీక్ష పెట్టారు. రోడ్డు ఖాళీగా, తిన్నగా ఉన్నచోట ముల్లును వంద మీద కదలకుండా ఉంచమన్నారు. పసుపు తల ఉన్న కిలోమీటరు రాళ్లు చూసుకుంటూ, చేతి గడియారంలో సెకన్లు లెక్కపెట్టారు. లెక్క చాలా తేలిక. 3,600ను కిలోమీటరుకు పట్టిన సెకన్లతో భాగిస్తే వేగం వచ్చేస్తుంది. నలభై సెకన్లయితే తొంభై, ముప్ఫై ఆరు సెకన్లయితే వంద. ఒక్క రాయికైతే పొరపాటు పడొచ్చని అయిదు కిలోమీటర్లు చూశారు. నూట ఎనభై అయిదు సెకన్లు పట్టింది. అంటే వేగం తొంభై ఏడు పైనే. పక్కన కోడలు చూసిన ఫోన్లోనూ తొంభై ఏడే. ట్రిప్ మీటరు మాత్రం అయిదు కిలోమీటర్లకు 4.8 చూపిస్తోంది.

ఇంటికొచ్చాక మాస్టారు కాగితం మీద లెక్క వేసి చూపించారు. పాత టైరు ఎత్తు 621 మిల్లీమీటర్లు, కొత్తది 647. రెండున్నర సెంటీమీటర్ల తేడాయే. కానీ చక్రం తిరిగిన ప్రతిసారీ కారు నాలుగు శాతం ఎక్కువ దూరం వెళ్తోంది. ఆ సంగతి మీటరుకు తెలియదు. అది పాత టైరు లెక్కే చెబుతోంది. మీటరులో ఉన్న ఏడు కాస్తా మూడుకు దిగిపోయింది. అబ్బాయి మాత్రం ఇంకా ఏడే తీసేసుకుంటున్నాడు. పెట్రోలు ఎక్కువ తాగుతోందని ఈ నెలంతా విసుక్కున్నదానికి కూడా కొంత కారణం ఇదే. కారు తిరిగిన దూరాన్ని మీటరు తగ్గించి చెబుతోంది మరి.

‘నాలుగు కిలోమీటర్లే కదా నాన్నా’ అన్నాడు అబ్బాయి, కాస్త తగ్గి.

‘నాలుగు కాదురా. ఇదివరకు నువ్వు ముల్లును వంద మీద ఉంచితే కారు వెళ్లేది తొంభై మూడు మీద. ఇప్పుడు వెళ్తున్నది నూట నాలుగు. వేగం రెట్టింపైతే బ్రేకు వేశాక కారు ఆగే దూరం నాలుగు రెట్లవుతుంది. ఆ లెక్కన ఇప్పుడు ఆగడానికి పావువంతు ఎక్కువ దూరం కావాలి. ఎదురుగా గేదె వచ్చినప్పుడు, వెనక పాప ఉన్నప్పుడు ఆ పావువంతు ఎక్కడి నుంచి తెస్తావు? ఇంతా చేసి ఇంటిదాకా వంద బదులు నూట నాలుగు మీద వస్తే నీకు మిగిలేది ఆరు నిమిషాలు. దార్లో టీకి ఆగితే ఇరవై నిమిషాలు కూర్చుంటావు’ అన్నారు మాస్టారు.

‘మరి వంద మీద ఉన్నామని ఎలా తెలియాలి?’

‘తెలియక్కర్లేదు. ముల్లు వంద చూపిస్తే వందే అనుకో. తేడా ఉంటే అది నీకు మేలు చేసే తేడా. దాన్ని ఖర్చుపెట్టుకోకు, అంతే. టైర్లు మార్చినప్పుడు మాత్రం ఎత్తు చూసి మార్చు.’

ఆ రాత్రి పార్కింగ్ మిత్రులకు ఫోన్ చేసి మరీ ఈ లెక్క చెప్పాడు అబ్బాయి. అందులో ఒకడు మర్నాడే తన టైరు మీద అంకెలు చూసుకున్నాడట.

పాపకి ఎండాకాలం సెలవులిచ్చారు. విజయవాడలో నాలుగు రోజులుండి అందరూ తిరుగు ప్రయాణమవుతున్నారు. బామ్మ పోయి చాలా ఏళ్లయింది గానీ గోడ మీద అదే గడియారం. పది నిమిషాలు ముందుకే నడుస్తోంది. మాస్టారే మళ్లీ అలా పెట్టారు.

‘ఎనిమిదయింది. ఇంకా టైముందిగా’ అంది కోడలు, ఆ ఇంటి అలవాటు తనకూ వచ్చేయడంతో.

‘లేదు. ఎనిమిదే అయింది, పద’ అని సూట్‌కేసు అందుకున్నాడు అబ్బాయి. హైవే ఎక్కాక ముల్లు వంద దగ్గరికొచ్చి, అక్కడే ఆగింది. వెనక సీట్లో పాప అప్పటికే నిద్రపోయింది.